నాలుగెకరాలకు ఐదొందల గొర్రెలా?

ప్రశ్న: సార్, మాది నెల్లూరు జిల్లా వింజమూరు పక్కన ఒక పల్లె. నాకు 34 ఏళ్లు. చెన్నైలో ప్రైవేటు కంపెనీలో పని, చేతికి 38 వేలు వస్తాయి. ఊళ్లో మా నాయన పేరున నాలుగెకరాల మెట్ట, ఒక బోరు ఉన్నాయి. తాతల కాలంలో మాకు గొర్రెల మంద ఉండేదంట, నాకు ఊహ తెలిసేసరికి అమ్మేశారు. ఉద్యోగం మానేసి ఊరికొచ్చి గొర్రెల ఫారం పెడదామని ఉంది. ఐదొందల గొర్రెలు, పాతిక పొట్టేళ్లు, కోటి రూపాయల ప్రాజెక్టు, అందులో 50 లక్షలు సబ్సిడీ అని ఒక కన్సల్టెంటు చెప్పి రిపోర్టు కూడా రాసిచ్చాడు. లోను శాంక్షనైతే ఆయనకు రెండు శాతం ఇవ్వాలి. నా దగ్గర దాచుకున్నవి 6 లక్షలున్నాయి. పొలం, ఇల్లు రెండూ తనఖా పెట్టాల్సి వస్తుందంటున్నాడు. నాబార్డు లోను ఎలా తెచ్చుకోవాలి? మా నాయన పొలం పెట్టమంటారా? రిపోర్టు జతచేస్తున్నా, చూసి చెప్పండి.

జవాబు: మీ రిపోర్టు రెండుసార్లు చదివాను. నలభై పేజీల్లో ఎక్కడా ఎండాకాలం లేదు. జనవరిలో ఎంత పచ్చగడ్డి ఉందో మే నెలలోనూ అంతే ఉంది. గొర్రెలు నూటికి రెండే చచ్చిపోతాయి. ప్రతి గొర్రె రెండేళ్లలో మూడుసార్లు ఈని, ఈతకు ఒకటిన్నర పిల్ల చొప్పున ఇస్తుంది. ఈ ఒకటిన్నర ఎక్కడిదో నాకు తెలుసు. మేకల రిపోర్టులోది తెచ్చి గొర్రెల రిపోర్టులో అతికించారు. మన నెల్లూరు గొర్రె, జోడిపి అయినా దోర అయినా పల్ల అయినా, ఈతకు సాధారణంగా ఒక్క పిల్లనే వేస్తుంది. కవలలు పుడితే కాపరి ఊరంతా చెప్పుకుంటాడు, అంత అరుదు. ఆ ఒక్క అంకె సరిచేస్తే మీ ఆదాయంలో మూడోవంతు ఎగిరిపోతుంది.

ఇంకొకటి. మీ రిపోర్టులో బ్యాంకు కిస్తీ ఏడో నెల నుంచి మొదలవుతుంది. గొర్రె కడుపుతో ఉండేదే 150 రోజులు. కొని తెచ్చాక కొత్త దొడ్డికి, కొత్త మేతకు అలవాటు పడటానికి ఒక నెల, ఎదకొచ్చి పొట్టేలు దాటడానికి ఇంకో నెల వేసుకోండి. ఆపైన ఐదు నెలలకు ఈనితే, ఆ పిల్ల అమ్మకానికి రావడానికి మరో ఐదారు నెలలు. అంటే మొదటి రూపాయి మీ చేతికి వచ్చేది పన్నెండో నెల దాటాకే. ఏడో నెల్లో కిస్తీ ఏం అమ్మి కడతారు? చూడి గొర్రెల్నా? నవ్వుకు అనడం లేదు, అలా అమ్మి కట్టినవాళ్లను చూశాను.

ముందు గొర్రెల సంఖ్య సంగతి తేల్చుకుందాం, మిగతావన్నీ దానిమీద ఆధారపడి ఉన్నాయి. కట్టేసి మేపేటప్పుడు పెద్ద గొర్రెకు రోజుకు నాలుగు కిలోల పచ్చమేత వేయాలి, ఎండుమేత వేరే. ఐదొందల గొర్రెలకు రోజుకు 2,000 కిలోలు. రెండు టన్నులంటే ప్రతి పొద్దునా కోసి, మోసి, ముక్కలు చేసి తొట్లలో వేయాల్సిన కసువు. ఏడాదికి 730 టన్నులు, అదీ పిల్లల్ని, పొట్టేళ్లను కలపకుండా. సూపర్ నేపియర్ గడ్డి ఎకరాకు 150, 200 టన్నులు వస్తుందని కణుపులు అమ్మేవాళ్లు చెబుతారు. కాలువ కింద, ఎరువు గట్టిగా వేస్తే ఏమో గానీ, వింజమూరు మెట్టలో ఒక్క బోరు కింద నేనైతే ఎకరాకు 60 టన్నులకు మించి రాసుకోను. మార్చి దాటాక మీ బోరు ఎన్ని గంటలు పోస్తుందో మీ నాయనను అడగండి. ఆయన చెప్పే మాటే మీ ప్రాజెక్టు రిపోర్టులో మొదటి పేజీ కావాలి. షెడ్డుకు, దారికి, కళ్లానికి పోను మీకు మూడెకరాలు మిగులుతాయి. మూడెకరాలు వంద గొర్రెల్ని, వాటి పిల్లల్ని ఇబ్బంది లేకుండా మేపుతాయి. ఐదొందలంటే మే నెలలో ఇంకొకరి పొలంలో గడ్డి కొనాలి, ఆ నెలలో ఎవరి దగ్గరా ఉండదు.

అప్పు ఎంత తేవాలన్నది మీ బోరు చెప్పాలి, సబ్సిడీ కాదు. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచిందంతా ఇంతే, తక్కినవన్నీ దీని వివరాలే.

ఇక నాబార్డు. "నాబార్డు లోను" అని ఊళ్లలో అందరూ అంటారు గానీ, నాబార్డు మీకూ నాకూ నేరుగా అప్పివ్వదు. అది బ్యాంకులకు అప్పిచ్చే సంస్థ. ఒకప్పుడు పాడి యూనిట్లకు నాబార్డు ద్వారా 25 శాతం, ఎస్సీ ఎస్టీలకు 33.33 శాతం సబ్సిడీ వచ్చేది. ఆ పథకం ఆగిపోయింది, పేరు మాత్రం జనం నోట్లో మిగిలింది. మీ కన్సల్టెంటు చెబుతున్నది కేంద్రం 2021-22లో మార్చిన జాతీయ పశుసంపద మిషన్. అందులో గొర్రెలు, మేకల యూనిట్లకు పెట్టుబడిలో సగం సబ్సిడీ, పైన ఒక పరిమితి ఉంటుంది: వంద గొర్రెలు, ఐదు పొట్టేళ్లకు 10 లక్షలు, రెండొందలు, పదికి 20 లక్షలు, అలా పెరుగుతూ ఐదొందలు, పాతికకు 50 లక్షలు. కాబట్టి ఆయన అంకె అబద్ధం కాదు. చెప్పనివి రెండున్నాయి.

ఒకటి, సబ్సిడీ మీ చేతికి ముందుగా రాదు. బ్యాంకు తన లోనులో మొదటి విడత విడుదల చేశాక సగం, యూనిట్ పూర్తయి తనిఖీ అయ్యాక మిగతా సగం, అదీ బ్యాంకు ద్వారా. ఆలోపు పని ఆగకుండా నడవాలి. రెండోది ఇంకా ముఖ్యం. దాణా, కూలీ, మందుల ఖర్చుకు ఈ సబ్సిడీ వర్తించదు. భూమి కొనడానికి, కౌలుకు, సొంత బండికి కూడా రాదు. అంటే మొదటి పిల్లను అమ్మేదాకా మందను మేపే ఖర్చు పూర్తిగా మీ జేబులోదే. నేను చూసిన ఫారాల్లో మూతపడ్డవి చాలావరకు జబ్బుతో కాదు, ఈ పన్నెండు నెలల దాణాకు డబ్బు లేక మూతపడ్డాయి.

దరఖాస్తు ఆన్‌లైన్‌లో ఉద్యమి మిత్ర పోర్టల్‌లో మీరే పెట్టుకోవచ్చు. పొలం కాగితాలు, శిక్షణ సర్టిఫికెట్, బ్యాంకు స్టేట్‌మెంట్, ప్రాజెక్టు రిపోర్టు కావాలి. రాష్ట్రంలో దాన్ని పరిశీలించేది పశుగణాభివృద్ధి సంస్థ, ఆ తర్వాత బ్యాంకు మంజూరు, ఆపైన కమిటీల ఆమోదం. నెలలు పడుతుంది. పరిమితులూ నిబంధనలూ మారుతుంటాయి గనక పెట్టే రోజున పోర్టల్ మరొకసారి చూసుకోండి. ఆమోదం చేతికి రాకముందు ఈ యూనిట్ లెక్కలో ఒక్క గొర్రెను కూడా కొనొద్దు.

సరే, వంద గొర్రెలు, ఐదు పొట్టేళ్లనే తీసుకుని లెక్క వేద్దాం. ధరలు నా అంచనా, మీ వైపు కనుక్కుని మార్చుకోండి. గొర్రె 12 వేల చొప్పున 12 లక్షలు, పొట్టేలు 20 వేల చొప్పున లక్ష. షెడ్డు ఐదున్నర లక్షలు. గడ్డి కోసే మిషను, నీళ్ల తొట్టి, మేత తొట్లు, కంచె లక్షన్నర. గడ్డి నాటడానికి, డ్రిప్పుకు లక్ష. మొత్తం 21 లక్షలు. సబ్సిడీ 10, మీ వాటా 2, బ్యాంకు 9 అనుకుందాం. పదిన్నర శాతం వడ్డీకి ఆరేళ్లలో కట్టాలంటే నెలకు దాదాపు 16,900, ఏడాదికి 2 లక్షల 3 వేలు.

ఇప్పుడు రాబడి. వంద గొర్రెల్లో ఒక విడతకు 85 ఈనితే మంచి మందే. పది నెలలకొక ఈత చొప్పున ఏడాదికి 102 పిల్లలు. నూటికి పన్నెండు పోతాయని రాసుకోండి, రెండు కాదు. 90 మిగులుతాయి. ముసలి గొర్రెల స్థానంలోకి 18 ఆడపిల్లలను ఉంచుకుంటే అమ్మకానికి 72. సగటున 8,500 చొప్పున 6 లక్షల 12 వేలు. తీసేసిన గొర్రెలు పదిహేను, ఏడేసి వేలకు లక్షా ఐదు వేలు. ఎరువు అరవై వేలు. మొత్తం ఏడు లక్షల డెబ్బై ఏడు వేలు. ఇది మంద కుదురుకున్నాక వచ్చే ఏడాది లెక్క, మొదటి ఏడాదిది కాదు.

ఖర్చు మీరు మేపే తీరునుబట్టి ఉంటుంది. రిపోర్టులో రాసినట్టు పూర్తిగా కట్టేసి, ప్రతి గొర్రెకూ రోజూ 200 గ్రాముల దాణా వేసి, ఒక మనిషిని జీతానికి పెట్టుకుంటే: దాణా 2 లక్షల 20 వేలు, జీతం లక్షా 45 వేలు, ఎండుమేత 80 వేలు, మందులు, బీమా 60 వేలు, కరెంటు, డీజిలు, చిల్లర 45 వేలు. ఐదున్నర లక్షలు. మిగిలేది రెండు లక్షల పాతిక వేల పైచిలుకు, కిస్తీ రెండు లక్షల మూడు వేలు. బ్యాంకువాళ్లు మిగులును కిస్తీతో భాగించి చూస్తారు. ఒకటిన్నర ఉండాలని కోరుకుంటారు. ఇక్కడ ఒకటీ పదకొండు పైసలు వస్తోంది. ఒక్క జబ్బు, ఒక్క తుపాను చాలు ఆ పదకొండు పైసలు తినేయడానికి. ఇంట్లో బియ్యానికి ఏం మిగిలిందో మీరే చూడండి.

అదే మంద, పగలు ఆరేడు గంటలు బయట తిప్పి, సాయంత్రం దొడ్డిలో మేత వేస్తే? మీ వైపు కొండ అంచులు, బీళ్లు, కంది, శనగ కోసిన చేలు ఉన్నాయి. దాణా అందరికీ కాకుండా ఈనే ముందు నెలన్నర గొర్రెలకు, దాటే రోజుల్లో పొట్టేళ్లకు, పాలు మరిచే పిల్లలకు మాత్రం వేస్తారు. అప్పుడు దాణా లక్షకు దిగుతుంది. కరెంటు, చిల్లర 60 వేలకు పెంచి రాసుకున్నా, కాపరి జీతం ఇచ్చుకున్నా నాలుగు లక్షల నలభై ఐదు వేలలో మంద నడుస్తుంది. మిగులు మూడు లక్షల ముప్పై వేలు, కిస్తీకి ఒకటిన్నర రెట్ల పైమాటే. ఇంట్లోవాళ్లే మేపుకుంటే ఆ జీతమూ మీదే. కిస్తీ పోను ఏడాదికి రెండు లక్షల డెబ్బై వేలు, అంటే నెలకు ఇరవై రెండు, ఇరవై మూడు వేలు. చెన్నై జీతం కంటే తక్కువ. ఊళ్లో అద్దె లేదు, కూరగాయలు చేలోవే అనుకున్నా తక్కువే. ఇది తెలిసే దిగండి.

పనిలో పనిగా ఐదొందల లెక్క కూడా: 50 లక్షల సబ్సిడీ వచ్చాక కూడా 40 లక్షల అప్పు మిగిలితే నెలకు 75 వేల కిస్తీ. మీ జీతానికి రెండింతలు.

నేను కనిగిరి వైపు బ్యాంకు ఫీల్డాఫీసరుగా పనిచేసిన రోజుల్లో ఒక లోను ఇప్పించాను. మనిషి నిజాయితీపరుడు, కష్టపడేవాడు. దసరాకు ముందు ఎనిమిది రోజుల్లో మూడు చోట్ల తిరిగి అరవై గొర్రెలు కొన్నాడు, అన్నింటినీ తెచ్చి ఒకే దొడ్డిలో కలిపాడు. నేను వెళ్లి, బీమా గుర్తుగా చెవులకు వేసిన పోగులు లెక్కపెట్టి, ఫొటో తీసుకుని, యూనిట్ నెలకొల్పారని సర్టిఫికెట్ రాశాను. నోరు తెరిచి పళ్లు చూడలేదు, టీకాలు వేశారా అని అడగలేదు. వారం తిరక్కుండానే ముక్కులు కారడం, నోట్లో పుండ్లు, ఆపైన పారుడు. పీపీఆర్ అనే అంటురోగం. మూడు వారాల్లో ఇరవై మూడు పోయాయి. బీమా క్లెయిము కోసం మళ్లీ వెళ్తే ఆయన ఇంట్లోంచి ఒక పాత పాలపొడి డబ్బా తెచ్చి నా ముందు మూత తీశాడు. ఉప్పులో వేసి దాచిన చెవులు, పోగులతో సహా. తొమ్మిది. మిగతా పద్నాలుగు గొర్రెల్ని కంగారులో పోగులతోనే గుంతలో పూడ్చేశాడు. క్లెయిము వచ్చింది తొమ్మిదింటికే. కిస్తీ మాత్రం అరవైకి. ఆరో నెల నుంచి కిస్తీ అని రాసింది నేనే, ఆ కాగితం మీద సంతకం నాది. అందుకే మీ రిపోర్టులో ఏడో నెల చూడగానే చెయ్యి ఆగింది.

కాబట్టి కొనుగోలు గురించి కాస్త ఎక్కువ చెబుతాను. సంతలో వంద గొర్రెలు ఒక్కసారి కొనకండి. సంతకొచ్చే ఆడగొర్రె ఏదో ఒక కారణంతోనే వస్తుంది: చూడి నిలవడం లేదనో, చన్ను ఒకటి గడ్డకట్టిందనో, పళ్లు అరిగాయనో. మందల దగ్గరికే వెళ్లండి. ఉదయగిరి, వరికుంటపాడు, కలిగిరి వైపు తరాలుగా మందలు పెట్టుకున్న ఇళ్లున్నాయి. పొద్దున్నే మంద దొడ్డిలోంచి కదలకముందు వెళ్లాలి, కుంటేవి, దగ్గేవి, వెనక పడేవి అప్పుడే తెలుస్తాయి. వయసు పళ్లను బట్టే తెలుస్తుంది, లేత వయసువి, అంటే రెండు పళ్లవి, నాలుగు పళ్లవి చూడండి. ఒకసారి ఈనిందయితే ఇంకా నయం, పిల్లను చూసి తల్లిని కొనొచ్చు. ప్రతిదాని పొదుగు చేత్తో నొక్కి చూడాల్సిందే, సిగ్గుపడితే నష్టపోతారు. పొట్టేలును మాత్రం ఆ మందలోంచి కాకుండా వేరే చోటినుంచి తేవాలి, లేకపోతే రెండో తరానికే వరస కలిసిపోతుంది.

తెచ్చిన వాటిని 21 రోజులు వేరే దొడ్డిలో ఉంచండి. నట్టల మందు తాగించి, పీపీఆర్ టీకా వేయించాకే పాత వాటిలో కలపాలి. పశుసంవర్ధక శాఖ ఆ టీకాను ఉచితంగానే వేస్తుంది. చిటుక రోగం టీకా తొలకరికి ముందు వేయించాలి. వాన పడి లేత కసువు మొలిచిన వారంలో బాగా బలిసిన పిల్లే ఉన్నట్టుండి చిటుక్కున పడిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య వానల్లో నీలినాలుక వ్యాధి భయం. కుట్టే చిన్న ఈగల వల్ల వస్తుంది గనక బురద, నీటి గుంటల పక్కన మంద కట్టకూడదు. దీనికీ టీకా ఉంది, మీ డాక్టరును అడగండి. సంచార పశువైద్య వాహనం నంబరు 1962, షెడ్డు గోడ మీద పెద్దగా రాయించండి.

బీమాకు వస్తే, 2024లో మారిన నిబంధనల ప్రకారం రైతు కట్టాల్సింది ప్రీమియంలో 15 శాతమే, ఒక కుటుంబానికి వంద గొర్రెల దాకా. ఆ ఏడాది జిల్లాకు నిధులొచ్చాయా అని పశువుల ఆసుపత్రిలో అడిగి, గొర్రెలు దిగిన రోజే పోగులు వేయించండి. చచ్చిన గొర్రెను పూడ్చేముందు కబురు, ఫొటో, పోస్టుమార్టం, పోగు. ఆ పాలపొడి డబ్బా గుర్తుపెట్టుకోండి.

ఇదంతా మొదటిసారే అప్పుడబ్బుతో నేర్చుకోవద్దు. ఉద్యోగం ఇంకో ఏడాది చేయండి. వచ్చే సీజన్‌లో మీ ఆరు లక్షల్లోంచి లక్షన్నర తీసి పాతిక పొట్టేలు పిల్లలు కొనండి. మూడు నాలుగు నెలల వయసు, పది పన్నెండు కిలోలు, ఆరేసి వేలు అనుకుందాం. ఐదు నెలలు మేపండి. రోజుకు పావుకిలో చొప్పున దాణా 900 కిలోల పైన పడుతుంది, 28 వేలు. మందులకు ఐదు వేలు. రెండు పోయినా ఇరవై మూడు మిగిలి, పాతిక, ఇరవై ఆరు కిలోలకు వచ్చి 11 వేల చొప్పున పోతే రెండున్నర లక్షలు దాటుతుంది. చేతిలో డెబ్బై వేల దాకా మిగలొచ్చు, మిగలకపోవచ్చు కూడా. నాకు ఆ డెబ్బై వేలకంటే ఆ ఐదు నెలల్లో మీ నాయన, మీ ఇంటావిడ ఈ పనిని ఇష్టంగా చేస్తున్నారా లేదా అన్నది ముఖ్యం. మీ ఉత్తరంలో ఆమె గురించి ఒక్క ముక్క లేదు. తెల్లవారుజామున ఈనలేక అవస్థపడే గొర్రె దగ్గర చాలాసార్లు కూర్చోవాల్సింది ఆమే. బక్రీదు ప్రతి ఏడూ పది పదకొండు రోజులు ముందే వస్తుంది, క్యాలెండరు చూసి దానికి ఆరు నెలల ముందు కొంటే, కొమ్ము విరగని, కాలు కుంటని పొట్టేళ్లకు అప్పుడు మంచి బేరం దొరుకుతుంది.

ఆ ఐదు నెలలూ ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, కొన్న ధర, పదిహేను రోజులకోసారి బరువు, వేసిన దాణా, చచ్చినవి, ఎందుకు చచ్చాయో. పక్క మండలాల్లో బ్రాంచి మేనేజర్లకు నలభై పేజీల రిపోర్టులు వారానికి రెండు వస్తాయి, అన్నీ ఒకేలా ఉంటాయి. మట్టి మరకలున్న నోటుబుక్కు తెచ్చినవాణ్ణి నేనైతే కూర్చోబెట్టి టీ ఇప్పించేవాణ్ణి. ఈలోపు గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలోగానీ కృషి విజ్ఞాన కేంద్రంలోగానీ గొర్రెల పెంపకం శిక్షణకు వెళ్లి సర్టిఫికెట్ తెచ్చుకోండి. దరఖాస్తుకు పనికొస్తుంది, పది మంది పరిచయమవుతారు.

బ్యాంకులో అడగాల్సినవి మూడు. కిస్తీ మొదలవడానికి కనీసం 15 నుంచి 18 నెలల గడువు. ఆ గడువులో అసలు కట్టకపోయినా వడ్డీ పెరుగుతూనే ఉంటుంది, 9 లక్షలకు ఏడాదికి 90 వేల పైనే, అది ఎప్పటికప్పుడు కట్టాలా, అసలులో కలుపుతారా అని ముందే రాయించుకోండి. రెండోది, నెలనెలా కాకుండా ఆరు నెలల కిస్తీ. పిల్లలు గుంపుగా అమ్ముడవుతాయి, నెలకు పది చొప్పున ఈనవు. మూడోది, గొర్రెలకు లోను రెండు విడతలుగా: యాభై ఇప్పుడు, యాభై ఆరు నెలల తర్వాత. మొదటి యాభైలో చేసిన తప్పులు రెండో యాభైలో చేయరు, అమ్మకం కూడా ఏడాదికి రెండుసార్లు వస్తుంది. మేనేజరు సగం ఒప్పుకోవచ్చు, అడగడంలో తప్పులేదు.

దాణా ఖర్చుకు టర్మ్ లోను, అంటే యూనిట్ కోసం తెచ్చే ఆ 9 లక్షలు, వాడకండి. పశుపోషణకు కూడా కిసాన్ క్రెడిట్ కార్డు ఉంది. 2 లక్షల దాకా 7 శాతం వడ్డీ, గడువులోపు కడితే 3 శాతం తిరిగి వస్తుంది, అంటే 4 శాతమే. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల దాకా వ్యవసాయ రుణాలకు తనఖా అక్కర్లేదని రిజర్వు బ్యాంకు చెప్పింది. మీ నాయనకు పంట లోను ఉంటే అదీ ఈ పరిమితిలో కలుస్తుందేమో కనుక్కోండి. మీ ఆరు లక్షల్లో రెండు లక్షలు వాటాకు పోతే, నాలుగు లక్షలు మొదటి ఏడాది మేతకు, వడ్డీకి పక్కన పెట్టండి. వాటితో షెడ్డుకు రంగులు వేయించొద్దు. గచ్చు మీద చెక్క పలకల నేల, పైన ఖరీదైన రేకులు వీడియోల్లో బాగుంటాయి. మన ఎండకు తూర్పు పడమరలుగా పొడవు పెట్టి, చుట్టూ గాలాడేలా, నేల అడుగున్నర ఎత్తులో గట్టిమట్టితో ఉన్న షెడ్డు చాలు.

పొలం తనఖా. 9 లక్షల లోనుకు పొలం అడుగుతారు, అది సహజం, పెట్టండి, అదీ నాలుగెకరాలూ కాకుండా విలువకు సరిపడినంతే. పొలం రికార్డులైన అడంగల్, 1బి, దానిమీద వేరే తనఖాలు లేవని చూపే ఈసీ ముందే తీసిపెట్టుకోండి. పొలం మీ నాయన పేరున ఉంది గనక సంతకం పెట్టేది ఆయన, చెల్లించకపోతే నోటీసు వచ్చేదీ ఆయనకే. మీకు అక్కచెల్లెళ్లుంటే ఈ మాట వాళ్ల చెవిన కూడా వేయండి, తర్వాత తెలిస్తే లోను కంటే పెద్ద గొడవవుతుంది. ఇల్లు మాత్రం పెట్టొద్దు. ఇల్లు పెడితేగానీ రానంత లోను అయితే, అది మీ బోరు మోయగలిగిన లోను కాదు.

కన్సల్టెంటు రెండు శాతం అంటున్నాడు. కోటికి రెండు లక్షలు, 21 లక్షలకు 42 వేలు. ఆయన ఐదొందల గొర్రెలనే ఎందుకు రాశాడో ఇక అడగక్కర్లేదనుకుంటా. రిపోర్టు రాసిన కష్టానికి ఎంతో ఒకంత ఇచ్చి దండం పెట్టండి. ఖాళీ చెక్కు గానీ, సంతకం చేసిన తెల్లకాగితం గానీ ఇచ్చి ఉంటే ఈ వారమే వెనక్కి తెచ్చుకోండి.

ఈసారి నవంబరు ముసురులో నాలుగు రోజులు సెలవు పెట్టి ఊరికి రండి. షెడ్డు వేద్దామనుకున్న చోట వానలో నిలబడి నీళ్లు ఎటు పారుతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో చూడండి. మేస్త్రీని పిలిచేది ఆ తర్వాత.